జూలై ఒకటి

మా బళ్ళో సగం మంది పుట్టింది జూలై ఒకటినే.
పర్లాకిమిడి మొత్తం ఆ ఒక్క పూట
పురుళ్లు పోసుకుని అలిసిపోయి ఉంటుంది.

మా అమ్మ లెక్క వేరు.
"కందికొత్తలకి నాలుగు దినాల ముందు,
గునుపురం చిన్న రైలు పట్టాలు దిగిపోయింది సూడు,
ఆ రేత్రి పుట్టినావు."
రైలు పడిన తేదీ పాత కాగితాల్లో దొరికింది,
నాకు నలభై దాటాక.

బడిలో వేసిన రోజు
దయానిధి పాణిగ్రాహి మాస్టారు
కుడిచెయ్యి నెత్తి మీంచి తిప్పి
ఎడం చెవి పట్టుకోమన్నారు.
అందలేదు.
రెండు వేళ్ల దూరం.
అమ్మ కొమ్ము బొమ్మలు అరగదీసే కూలికి పోవాలి,
ఇంట్లో నన్ను చూసేవాళ్లు లేరు.
మాస్టారు అటూ ఇటూ చూసి, నా తల కొంచెం వంచి
చెవిని తెచ్చి చేతికిచ్చారు.
ఆ రెండు వేళ్లే
ఒడియా అంకెల్లో పద్దెనిమిది నెలలయ్యాయి.

తర్వాత ఆ చెయ్యి
కాక్‌పిట్లో నెత్తి మీది స్విచ్చులన్నిటినీ
చీకట్లో కూడా గుర్తుపట్టింది,
ఇరవై రెండు వేల గంటలు.

అరవై అయిదు నిండితే దిగిపోవాలి. రూలు.
ఏప్రిల్లో డాక్టరు ఈసీజీ చూసి
"మీ గుండెకి యాభయ్యే" అన్నాడు.
గుండెని ఎవరూ బడిలో చేర్చలేదు మరి.

జూన్ ముప్పై, భువనేశ్వర్ నుంచి హైదరాబాదు, ఆఖరి ట్రిప్పు.
మబ్బు తెరిపిచ్చినప్పుడు ఎడమ కిటికీలో, దూరంగా
మా ఊరు.
పైనుంచి సరిహద్దులు కనబడవంటారు.
కనబడతాయి.
ఏటికి అటు పాతపట్నం దీపాలు తెలుపు,
ఇటు మావి పసుపు.
రెండు కరెంటాఫీసులు కదా.

శంషాబాద్ మీద వాన.
తిరుగుతూ ఉండమన్నారు.
పదకొండు ఇరవై.
పక్క సీట్లో సువర్చల గడియారం చూసి, నన్ను చూసి,
మళ్లీ గడియారం చూసింది.
ఇంకో నలభై నిమిషాలు తిరిగితే
ఇదే సీట్లో ఇవే చేతులు
నేరం.
వెనక నూట డెబ్భై మంది నిద్రపోతున్నారు,
నా వయసు వాళ్లకి తెలీదు.
పదకొండు నలభై ఒకటికి చక్రాలు నేలని తాకాయి,
మెత్తగా, పిల్లి అరుగు దిగినట్టు.

అన్యాయం అని అప్పుడు అనుకున్నాను.
చాలామందితో అన్నాను కూడా,
రైలు సంగతితో సహా.

ఒకటి మాత్రం చెప్పలేదు.
మే నెలలో ఒక రాత్రి
రేడియోలో మా నంబరు రెండుసార్లు పిలిచారట.
నాకు వినబడలేదు.
సువర్చల బదులిచ్చింది, ఏమీ అనలేదు,
నేనూ ఏమీ అడగలేదు.
ఎడం చెవే.

ఇప్పుడు పొద్దున్నే
లింగరాజ్ మహారణా కార్ఖానాకి వెళ్లి కూచుంటాను.
కొమ్ముని నిప్పు సెగకి వంచి కొంగ మెడ చేస్తుంటాడు.
అమ్మ అరగదీసిన గచ్చు అదే.
"నీకెన్నేళ్లు?" అంటే
"ఎవుడు రాసినాడు?" అంటాడు.
వేళ్లు వణుకుతాయి. ఈ మధ్య కొంగలు
కాస్త బాతుల్లా వస్తున్నాయి.
ఎవరూ దిగిపోమనలేదు,
కొనేవాళ్లు కూడా ఏమీ అనరు, కొనరంతే.

వాడి మనవరాలు ఝుమ్ముని
వచ్చే వారం బడిలో వేస్తారు.
ఆసుపత్రి సర్టిఫికెట్ ఉంది, నిమిషంతో సహా.
ఊరికే, ఆటకి,
నెత్తి మీంచి చెవి పట్టుకో అన్నాను.
పట్టుకోబోయింది, నాలిక బయటపెట్టి,
మడమలెత్తి.
రెండు వేళ్ల దూరం.

నా చెయ్యి దాని తల దాకా వెళ్లింది.
ఉండనీలే, అన్నాను.